టేకు బిచ్చయ్య

పొద్దు పొడిచే వేళ గూడ్సు మలుపు తిరిగింది. బిచ్చయ్య ప్లాట్‌ఫారం అంచుకు జానెడు ఇవతల ఎడమ కాలు ముందుకు వేసి, కుడి చెయ్యి నిటారుగా పైకెత్తి నిలబడ్డాడు. ఆ చేతిలో జల్లెడకు రెండింతలున్న బెత్తం రింగు, రింగు పిడికి చిన్న తోలుసంచి, సంచిలో మడిచిన చీటీ. ఇంజను బుసలు కొడుతూ మీదికి వచ్చింది. మెట్టు మీద ఫైర్‌మన్ ఒంటిచేత్తో వేలాడుతూ బయటికి వంగాడు. "టేక్!" అని అరిచాడు బిచ్చయ్య. ఫైర్‌మన్ చెయ్యి రింగులో దూరింది, రింగు మోచేతిదాకా జారింది, గూడ్సు ఆగకుండా సాగిపోయింది. వెనకటి స్టేషనులో అందుకున్న రింగును అతను కిందికి విసిరితే అది కంకర మీద దొర్లుకుంటూ పోయి వేపచెట్టు కింద పడుకున్న కుక్క పక్కన పడింది. కుక్క కన్ను కూడా తెరవలేదు. దానికీ అలవాటే.

వికారాబాద్‌కూ తాండూరుకూ నడుమ ఉన్న చిన్న స్టేషను అది. పేరు చెప్పను. జరిగింది విన్నాక, చెప్పకపోవడమే మంచిదని మీరే అంటారు. అప్పట్లో అక్కడ ఒక్కటే పట్టా. ఒక బండి పోతుంటే ఎదురుగా ఇంకొకటి రాకూడదు కదా, అందుకని మాస్టరు ముందరి స్టేషనుతో మాట్లాడి, దారి ఖాళీగా ఉందని చీటీ రాసి తోలుసంచిలో పెడతాడు. ఆ చీటీ లేనిదే డ్రైవరు ఊరు దాటడు. ఆగే బండికైతే ఎవరైనా ఇస్తారు. ఆగని బండికి అందించడం బిచ్చయ్య పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఇరవై ఆరేళ్ళలో ఒక్క రింగు జారలేదు, ఒక్క బండి ఆగలేదు. పొలం లేదు, చదువు లేదు, ఉన్న గొప్పంతా ఆ ఒక్కటే. అడిగినవాడికీ చెప్పేవాడు, అడగనివాణ్ణి ఆపి మరీ చెప్పేవాడు.

1959లో ఆ రోజు అతని నౌకరీకి ఆఖరి రోజు. ఆగకుండా పోయే బండి ఇంక ఒక్కటే మిగిలింది, సాయంత్రం నాలుగున్నర మెయిలు. అదొక్కటి సాఫీగా దాటిస్తే చాలు, తప్పు చేసినట్టు ఎర్రసిరా చుక్క ఒక్కటీ లేని సర్వీసు బుక్కుతో ఊరికి పోవచ్చు. తెల్లారినప్పటినుంచీ అతని గుండెల్లో గుబులంతా ఆ మెయిలు గురించే.

మనిషిని చూస్తే పెద్ద ఆకారమేమీ కాదు. కుడి చెయ్యి మాత్రం రోకలిలా ఉంటుంది, ఎడమ చెయ్యి పక్కింటి నుంచి అడుక్కొచ్చినట్టుంటుంది. కుడి భుజం రెండు వేళ్ళు కిందికి వాలింది. తాండూరు దర్జీ అంగీ కుట్టేటప్పుడు రెండు చేతులకూ వేరువేరు కొలతలు తీసి, "ఇద్దరు మనుషుల కుట్టుకూలి ఇయ్యాలె బిచ్చయ్యా" అని ఏడిపించేవాడు.

ఇంకో సంగతి. కాగితం మీద అతనికి యాభై అయిదు నిండాయి గానీ, నిజానికి యాభయ్యే. బషీరాబాద్ దగ్గర పల్లెనుంచి పని కోసం వచ్చిన రోజున వరుసలో నిలబెట్టి వయసు అడిగారు. ముందున్నవాడు పద్దెనిమిది అంటే వాణ్ణి ట్రాలీ తోసే గుంపులోకి నెట్టారు. అది చూసి పదిహేడేళ్ళ బిచ్చయ్య ఛాతీ పొంగించి, "ఇరవై రెండు!" అన్నాడు. స్టేషను పని దొరికింది, మొదటి ఏడేళ్ళు దీపాలు తుడవడం, ఆ తర్వాత రింగు. ఆ రోజు ఊరంతా తిరిగి తన తెలివి చెప్పుకున్నాడు. ఆ తెలివికి ఫలం ముప్పై మూడేళ్ళ తర్వాత చేతికొచ్చింది.

"ఐదేండ్లు రైలుకు ధర్మం జేసినవ్," అంది శాంతవ్వ, క్వార్టరు ముందు కుండలు మూట కడుతూ. పొద్దున్నుంచి ఆ మాట అనడం నాలుగోసారి. "దేవుడు గూడ అడగడు గంత. నువ్వే ఇచ్చొచ్చినవ్."

"ఊకో ఎహె. గప్పుడు మీసం గూడ సరిగ్గ రాలే. నమ్మినోళ్ళది తప్పు, నాదా?"

"నేను గూడ నమ్మి చేసుకుంటి గద!"

అతని భుజానికి నూనె రాస్తూ ఆమె మళ్ళీ అడిగింది, "నా అంచు వచ్చిందా?" బిచ్చయ్య లేదన్నట్టు తల ఊపాడు. దాని కథ ఇది. బెత్తం పేడు లేచి అతని ముంజేయి కోసుకుపోతుంటే, శాంతవ్వ తన పెళ్ళినాటి చీర ఎర్రంచు చింపి ఒక రింగు పిడి చుట్టూ గట్టిగా చుట్టి కుట్టింది. అయితే రింగు ఒకచోట ఉండే వస్తువా? బండెక్కి తాండూరు పోతుంది, అక్కడినుంచి ఇంకో బండిలో వాడి జంక్షన్ దాకా పోతుంది, బుద్ధి పుట్టినప్పుడు తిరిగొస్తుంది. "నేనేమో వికారాబాద్ దాటి సూడకపోతి. నా చీర అంచు డ్రైవర్ల జబ్బల మీద దేశాలు తిరుగుతున్నది," అని ఆమె గొణిగేది. ఈసారి పోయి పన్నెండు రోజులైంది. ఆఖరి మెయిలుకు ఆ ఎర్రంచు రింగే అందించాలని బిచ్చయ్య ఆశ. పైకి అనలేదు గాని, రాత్రి దేవుడికి కొబ్బరికాయ కూడా మొక్కాడు.

స్టేషనులో మాస్టరు శంకరప్ప బల్లముందు కూర్చుని ఎలుకలు కొట్టిన డిక్షనరీ తిరగేస్తున్నాడు. నలభై ఏళ్ళవాడు, పలచని మనిషి, బషీరాబాద్ అవతలివాడు, కోపమొస్తే కన్నడం, లెక్క తప్పితే ఉర్దూ. చదువంతా ఉర్దూలో సాగింది. పోలీస్ యాక్షన్ అయ్యాక గోడల మీది అక్షరాలు మారాయి, జెండా మారింది, పైనుంచి వచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులో దిగబడ్డాయి. పెద్ద మాస్టరు కావాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. ఎనిమిదిసార్లు రాశాడు, ఎనిమిదిసార్లూ బోల్తా పడ్డాడు. వచ్చే నెలలో తొమ్మిదోది. ఆ యేడు పేరు మీద ఎర్రసిరా పడితే పరీక్షకు కూర్చోనివ్వరని రూలు. అందుకని శంకరప్ప ఆ మధ్య బల్లమీది సిరాబుడ్డికి కూడా దండం పెట్టి పని మొదలుపెట్టేవాడు.

ఈ ఇద్దరి స్నేహానికి మూలం టేకు. బిచ్చయ్య కంటే ముందున్న ముసలి పోర్టరు రింగు ఎత్తి "టేక్" అనడం నేర్పాడు. నేర్పాడే గాని అర్థం చెప్పలేదు. ఆ బెత్తం వస్తువు పేరే ఇంగ్లీషులో టేకు అనుకున్నాడు బిచ్చయ్య. పదహారేళ్ళపాటు "టేకు ఏడున్నది? టేకు ఇరిగింది, కొత్త టేకు పంపుండ్రి" అంటూ బతికేశాడు. డ్రైవర్లు టేకు బిచ్చయ్య అని పేరు పెట్టారు. ఆ పేరు విని కోట్‌పల్లి నుంచి ఒక ఆసామి తలుపుల చెక్క బేరం చేద్దామని బండి కట్టుకుని వచ్చి, రింగులు చూసి, తిట్టి పోయాడు కూడా.

శంకరప్ప కొత్తగా వచ్చినప్పుడు ఇది విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "టేక్ అంటే తీసుకో అని, బిచ్చయ్యా. వస్తువు కాదు, క్రియ. ఒక్క అర్థమా, సుడిగాలి లెక్క చుట్టేస్తది! చూడు, రెండున్నర పేజీలున్నది. ఈ ఒక్కటి వశమైతే సగం ఇంగ్లీషు వచ్చినట్టే."

నవ్వినందుకు బిచ్చయ్యకు రోషమొచ్చింది. "గంతేనా? మా పట్టుడు ముంగట మీ టేకెంత?"

అలా మొదలైంది పందెం. మాస్టరు పుస్తకంలోంచి టేకు ఒకటి చదివి అర్థం చెప్పాలి. బిచ్చయ్య దాన్ని 'పట్టు'తో తెలుగు చెయ్యాలి. చెబితే తలుపు వెనక బిచ్చయ్య వైపు సుద్దగీత, చెప్పలేకపోతే మాస్టరు వైపు గీత.

"టేక్ టైమ్."

"టైం పట్టుడు."

"టేక్ ఏ ఫోటో."

"ఫోటో పట్టుడు. అనంతగిరి జాతరల మా ఇద్దరికి పట్టిండ్రు గద."

"టేక్ రూట్. అంటే చెట్టు నాటుకునుడు."

"వేరు పట్టుడు."

"టేక్ కేర్."

"పట్టించుకొనుడు."

"టేక్ అఫెన్స్. చిన్నమాటకు మూతి ముడుచుకునుడు."

"పట్టింపు! మా బామ్మర్దికి మస్తున్నది."

చాయ్ తాగడం దగ్గరా, టోపీ తీయడం దగ్గరా బిచ్చయ్య ఓడిపోయాడు. ఓడినప్పుడల్లా, "మరి పిచ్చి పట్టుడు, చెదలు పట్టుడు, మంచం పట్టుడు, గివన్ని మీ టేకుకున్నయా?" అని గొంతు పెంచేవాడు. అవి పుస్తకంలో లేవు కాబట్టి చెల్లవనేవాడు మాస్టరు. పదేళ్ళు గడిచాయి. రెండున్నర పేజీలు నెమ్మదిగా నమిలారు. ఆ ఉదయానికి తలుపు వెనక బిచ్చయ్యవి నలభై ఏడు గీతలు, మాస్టరువి నలభై ఆరు.

"ఇయ్యాల నిన్ను సమం చేయనిదే పంపను," అన్నాడు శంకరప్ప.

"చెయ్యుండ్రి. ముందుగాల మెయిలు పోనియ్యుండ్రి," అన్నాడు బిచ్చయ్య.

పన్నెండింటికి తాండూరు వైపునుంచి ఇక్కడ ఆగే గూడ్సు ఒకటి వచ్చింది. ఫైర్‌మన్ విసిరిన రింగు దొర్లుతూ వస్తుంటే ఎర్రగా ఏదో తళుక్కుమంది. బిచ్చయ్య కంకర మీద పరిగెత్తాడు. అదే! శాంతవ్వ అంచే! బొగ్గు మసి పట్టి, అక్కడక్కడా నూనె మరకలతో వచ్చింది గాని, ఒక్క కుట్టు ఊడలేదు. దాన్ని క్వార్టరుకు తీసుకుపోయి చూపిస్తే శాంతవ్వ కొంగుతో తుడిచి, "కడగొట్టుకు ఇల్లు జ్ఞాపకమొచ్చిందా?" అని దాన్ని అడిగింది. బిచ్చయ్య ఆ మధ్యాహ్నం జొన్నరొట్టె ఒకటి ఎక్కువ తిన్నాడు.

నాలుగు దాటింది. తాండూరుతో మాట్లాడి శంకరప్ప చీటీ రాశాడు. బల్లమీద దగ్గరున్న మామూలు రింగు సంచిలో దాన్ని పెట్టి, బొత్తం నొక్కాడు. బిచ్చయ్య ఎర్రంచు రింగు పట్టుకుని వచ్చి, దాన్ని కూడా బల్లమీద పెట్టి, మామూలు రింగు సంచి బొత్తం విప్పబోయాడు. చీటీ ఇందులోంచి అందులోకి మార్చాలి. అంతే పని.

"బిచ్చయ్యా! దొరికింది!" శంకరప్ప డిక్షనరీ మీద చరిచాడు. "టేక్ లీవ్! అంటే సెలవు పుచ్చుకునుడు. ఏదీ, పట్టు!"

బిచ్చయ్య వేళ్ళు బొత్తం మీదే ఆగిపోయాయి. "సెలవు... సెలవు పట్టుడు."

"ఎవడంటడు అట్ల?"

"మా ఊర్ల అంటరు."

"నీ ఊరి పక్కూరే నాది. అబద్ధమాడకు!"

"మీ దిక్కు కన్నడం కలిసింది, మీకు తెల్వది!"

"ఏనప్పా! నాకు తెలుగు నేర్పుతవా?"

అంతలో దూరాన మెయిలు కూత వేసింది. బిచ్చయ్య ఉలిక్కిపడి, కంటికి ఎర్రగా ఏది కనిపిస్తే అది అందుకుని బయటికి ఉరికాడు. ప్లాట్‌ఫారం అంచు, ఎడమ కాలు ముందుకు, కుడి చెయ్యి పైకి. శాంతవ్వ మూటల పక్కన నిలబడి చూస్తోంది. ఇంజను వచ్చింది. డ్రైవరు పింటో దొర టోపీ కొద్దిగా ఎత్తి పలకరించాడు. "టేక్!" అని బిచ్చయ్య వేసిన కేకకు వేపచెట్టు మీది కాకులు లేచాయి. రింగు ఫైర్‌మన్ జబ్బకు దండలా పడింది. ఇరవై ఆరేళ్ళలో అంత చక్కగా ఎన్నడూ పడలేదు.

బిచ్చయ్య చెయ్యి దించాడు. కళ్ళు తడిశాయి. "అయిపాయె శాంతవ్వా," అన్నాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో శంకరప్ప నిలబడి ఉన్నాడు. అతని చేతిలో మామూలు రింగు. దాని సంచిలో చీటీ.

అవతల, సిగ్నలు దాటిన చోట, మెయిలు బ్రేకులు కీచుమన్నాయి. పదమూడు డబ్బాల బండి ఒక్కో డబ్బా గుద్దుకుంటూ ఆగింది. కిటికీల్లోంచి తలలు వచ్చాయి.

బిచ్చయ్య శంకరప్ప చేతిలోని రింగు లాక్కుని పరిగెత్తాడు. చెప్పులు పోయాయి, తలగుడ్డ పోయింది. అర మైలు కంకర. "ఏమైందయ్యా?" అని డబ్బా డబ్బాకూ ఎవరో అడుగుతుంటే, ఎవరి మొహమూ చూడలేదు. ఇంజను దగ్గరికి చేరేసరికి రొమ్ము కొలిమితిత్తిలా ఎగిరిపడుతోంది.

పింటో దొర ఖాళీ సంచి తిరగేసి చూపించాడు. "ఇరవై ఏండ్ల కెళ్ళి నీ చేతిల రింగు తీసుకుంటున్న. ఈ పొద్దు ఏమైంది బిచ్చయ్యా? పిచ్చి పట్టిందా?"

అంత కష్టంలోనూ బిచ్చయ్య బుర్ర ఒక మూల, చూసినవా, ఇంగ్లీషు దొర కూడా పట్టుడే అన్నడు, అనుకుంది. మనసు పాడుగాను, అలవాటు అలాంటిది. చీటీ ఉన్న రింగు పైకిచ్చాడు. ఎర్రంచు రింగు కిందికి వచ్చింది. ఈసారి "టేక్" అనలేదు. గార్డు గడియారం చూసి కాగితం మీద పదకొండు నిమిషాలు అని రాసుకున్నాడు. మెయిలు కదిలింది.

తిరిగొచ్చేటప్పుడు ఆ అర మైలు ఎంతకీ తరగలేదు. ముప్పై మూడేళ్ళు! ఒక్క చుక్క లేని బుక్కు! ఇంకో గంట ఆగితే ఒడ్డున పడేవాణ్ణే కదా అని బిచ్చయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. సిగ్నలు స్తంభం పక్కన కూర్చుని, ముక్కు చీది, మళ్ళీ లేచాడు.

స్టేషనులో ఫోను మోగి మోగి ఆగింది. శంకరప్ప పుస్తకం తెరిచి, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, అక్షరం అక్షరం చెక్కుతున్నట్టు ఇంగ్లీషులో రాస్తున్నాడు. బల్లముందు వరకూ వచ్చి బిచ్చయ్య చేతులు కట్టుకున్నాడు.

"రాయుండ్రి మాస్టర్ సాబ్. రింగు మార్చింది నేనే. ఎర్రదాని మీద మోజుతోని కండ్లు మూసుకపోయినయి."

"రాసిన," అన్నాడు శంకరప్ప. వేలు పెట్టి చదివాడు. "ఐ టేక్ ది బ్లేమ్."

"అంటే?"

"తప్పు నా నెత్తిన వేసుకున్న అని. సంచిల చీటీ పెట్టుడు నేనే మరిచిన అని పైన రాసిన."

బిచ్చయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకున్నాడు. "గదెట్ల? మీరు పెట్టిండ్రు గద చీటీ! నా కండ్లతోని చూసిన! మరి మీ పరీక్ష? వచ్చే నెల పరీక్ష ఉన్నది గద సారూ!"

"ఎనిమిదిసార్లు పోయిన, ఒక్కసారి పోకపోతే ఏమైతది? పరీక్ష వాళ్ళకే నేను లేక తోచదు." శంకరప్ప సిరా అద్దుకుంటూ నవ్వబోయాడు గాని, నవ్వు సగంలోనే పోయింది. "నువ్వు చీటీ మార్చుకుంటుంటే మాటల్ల దింపింది ఎవరు? నేనే గద. ఇంగ సూడు, నాకు పదిహేనేండ్ల సర్వీసు మిగిలున్నది. ఎర్రసిరా పడితే ఎండి రాలనీకె టైమున్నది. నీకు పొద్దుమూకే దాకనే ఉన్నది. ఫికర్ చేయకు."

బిచ్చయ్య మాస్టరు చేతులు రెండూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. శంకరప్ప చటుక్కున చేతులు లాక్కుని, "నూనె చేతులు, కాగితం ఖరాబైతది," అని గదమాయించి, గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఆరింటికి ప్యాసింజరు వచ్చి ఆగింది. శాంతవ్వ మూటలు ఎక్కించింది, కోడిని ఒళ్ళో పెట్టుకుంది, "బండి నిన్ను ఇడిసిపోతది, నడువు!" అని కేకేసింది. బిచ్చయ్య ఎర్రంచు రింగును ఒకసారి ఎత్తి చూశాడు. రైలు సొమ్ము, ఇంటికి తీసుకుపోవడానికి లేదు. తలుపు వెనకకు వెళ్ళి దాన్ని మేకుకు తగిలించాడు. ఎదురుగా సుద్దగీతలు. తప్పు నెత్తిన వేసుకోవడానికి పట్టుడు కోసం ఇరవై ఆరేళ్ళ బుర్రంతా వెతికాడు. దొరకలేదు. దొరకనందుకు ఎందుకో మొదటిసారి సంతోషమైంది. సుద్దముక్క తీసుకుని మాస్టరు వైపు రెండు గీతలు గీశాడు. ఒకటి సెలవుకు. రెండోది ఈ టేకుకు.

"గెలిచిండ్రు సాబ్," అన్నాడు గుమ్మంలో నిలబడి.

శంకరప్ప లేచి, జెండా చంకలో పెట్టుకుని ప్లాట్‌ఫారం దాకా వచ్చాడు. ఆగే బండి గనక చీటీని మామూలుగా డ్రైవరు చేతికిచ్చాడు. పచ్చజెండా ఊపాడు. ప్యాసింజరు కదిలింది, బిచ్చయ్య ఊరి తొవ్వ పట్టాడు. కిటికీలోంచి రోకలిలాంటి కుడి చెయ్యి బయటికి వచ్చి, మలుపు దాకా పైకే నిలిచి ఉంది.

మాస్టరు లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. మేకుకు ఎర్రంచు రింగు ఇంకా కొద్దిగా ఊగుతోంది. దాని పిడి దగ్గర శాంతవ్వ చుట్టిన గుడ్డ ఒక పిడికిలి మేర నలిగి, నున్నబడి, నల్లగా ఉంది.